పదహారు వందల ఇరవై గ్రాముల మనవరాలు

నేను కాటాలు బాగుచేస్తాను. ముప్పై రెండేళ్ళుగా అదే పని. పళ్ళాల త్రాసు, ముల్లు కాటా, అంకెలు వెలిగే కొత్త రకం, బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా, ఏదైనా సరే, నా బల్ల మీదకి వచ్చాక నిజం చెప్పకుండా తిరిగి వెళ్ళదు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, అరచేతిలో ఏ వస్తువు పెట్టినా పది గ్రాములు అటూ ఇటూగా బరువు చెప్పేస్తాను. వీధిలో అందరికీ నేను కాటా బాబాయ్‌ని. కూరగాయలమ్మే ఆవిడ నన్ను దూరం నుంచి చూడగానే పళ్ళెం అంచు మీద ఉన్న బొటనవేలు తీసేస్తుంది. నేను నోరు విప్పక్కర్లేదు, అటు ఒకసారి చూస్తే చాలు.

సొంత డబ్బా ఇంతసేపు ఎందుకు కొట్టుకుంటున్నానంటే, ఈ గొప్పే నా కొంప ముంచబోయింది. ఆ కథే చెప్తున్నాను.

మా అమ్మడు, అంటే మా ఒక్కగానొక్క కూతురు, బడిలో లెక్కల టీచరు. వాళ్ళ అత్తగారిల్లు మాకు రెండు వీధుల అవతల. బడి నుంచి ఇంటికి వెళ్తూ మా షాపులో కాసేపు కూర్చుని, నా అన్నం డబ్బాలో మిగిలింది తిని వెళ్ళడం దాని అలవాటు. కడుపుతో ఉందని తెలిసిన మర్నాడే నేను ప్లాట్‌ఫాం కాటా తుడిచి, నాలుగు మూలలా సరిచూసి, గుమ్మం పక్కన వేశాను.

"ఎక్కు తల్లీ."

"చెప్పులు విప్పాలా నాన్నా?"

"విప్పకపోతే ఎలా? చెప్పుల బరువుని నా మనవరాలనుకుని మురిసిపోనా?"

అప్పటి నుంచి ప్రతి శనివారం తూకం. అది లెక్కల టీచరు కదా, ఊరుకుంటుందా? పాత కాటా అట్టపెట్టె చింపి, వెనకవైపు గళ్ళు గీసి, వారం వారం ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి గోడకి తగిలించింది. గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. షాపుకి వచ్చిన ప్రతివాడికీ నేను ఆ అట్ట చూపించేవాణ్ణి. చక్కెర కొట్టు అతను తన కాటా బాగైందో లేదో అడగడం మానేసి, "ఈ వారం ఎంత బాబాయ్?" అని అడిగేవాడు.

ఎనిమిదో నెలలో గీత ఒక్కసారిగా ఎగిరింది. వారంలో పదహారు వందల గ్రాములు! ఆ తర్వాత వారం ఇంకో పద్దెనిమిది వందలు! నేను వీధిలో వాళ్ళందరికీ టీ పోయించాను.

"కాళ్ళు అలా ఉబ్బాయేంటండీ?" అంది మా ఆవిడ, కాటా మీద నిలబడ్డ అమ్మడి పాదాలు చూసి.

"రోజంతా నిలబడి పాఠాలు చెప్తే ఉబ్బవా? నీకన్నీ అనుమానాలే!"

అప్పటికే దాని చెప్పులు దానికి పట్టడం లేదు. నా చెప్పులు వేసుకుని టపా టపా నడుస్తుంటే మేమందరం పడీ పడీ నవ్వాం. "మా నాన్న వారసత్వం ఇప్పుడే రాసిచ్చేశాడు" అని అది కూడా నవ్వింది.

ఆ రెండు శనివారాల మధ్యలో దానికి ఆసుపత్రి చెకప్ ఉంది. వెళ్ళాలా వద్దా అని నన్నడిగింది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్తాను, దాచుకోను. "గంటన్నర క్యూలో నిలబడి వాళ్ళ డొక్కు కాటా ఎక్కడమెందుకు తల్లీ? ఆ బయటి గదిలో కాటా సంగతి నాకు తెలుసు, నాలుగొందలు ఎక్కువ చూపిస్తుంది. మన దగ్గర నికరమైన తూకం ఉండగా?"

అది వెళ్ళలేదు. దాని తర్వాతి చెకప్‌కీ వెళ్ళలేదు. గీత పైకే పోతోంది కదా.

ఒక బుధవారం పొద్దున్న బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ, తల పగిలిపోతోంది, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి అందట. తోటి టీచర్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేం పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి దాని చేతికి బీపీ పట్టీ, ఆ మిషను కుయ్యో కుయ్యో అంటోంది. ఇంక ఆగడానికి లేదు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం అన్నారు. సాయంత్రానికల్లా ఆపరేషన్ చేసి, ఐదు వారాల ముందే బిడ్డని బయటికి తీశారు.

ఆడపిల్ల. పదహారు వందల ఇరవై గ్రాములు.

నేను రోజూ వాడే రెండు కిలోల రాయి కంటే తక్కువ.

బిడ్డని అద్దాల గదిలో పెట్టారు. ఆ గదికి పెద్ద నర్సమ్మ ఒకావిడ. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, గొంతు మాత్రం బస్ కండక్టర్‌ది. మొదటి రోజే మాకు చెప్పేసింది. "బేబీ తనంతట తాను పాలు తాగాలి, వరసగా మూడు రోజులు బరువు పెరగాలి, పద్దెనిమిది వందలు దాటాలి. అప్పుడే ఇంటికి. ఈలోపు ఎవరు ఏడ్చినా, ఎవరు సిఫారసు తెచ్చినా పంపను."

పద్దెనిమిది వందలు. ఇంకా నూట ఎనభై గ్రాములు. నా జీవితంలో లక్షల కిలోలు తూచాను గానీ, నూట ఎనభై గ్రాములు ఇంత పెద్దవని తెలియదు.

అల్లుడికి ఆ వారమే జలుబు, దగ్గు. నర్సమ్మ అతన్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. పాపం, మూతికి గుడ్డ కట్టుకుని అద్దం అవతల నిలబడి చేతులు ఊపేవాడు. లోపల కళ్ళు కూడా సరిగా తెరవని పిల్లకి.

ఇక వరండాలో మా బెంచీ మీద రోజూ కోర్టే. బిడ్డ ఇంత చిన్నగా ఎందుకు పుట్టిందని తలా ఒక తీర్పు.

"తిండి సరిగా తినలేదు అన్నయ్యగారూ. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది" అంది వియ్యపురాలు.

"మీ ఇంట్లో పళ్ళెం అలాగే ఉండేదేమో వదినగారూ, మా ఆయన డబ్బా మాత్రం ఖాళీ అయ్యేది" అంది మా ఆవిడ. "అసలు మూడో అంతస్తు. రోజూ మెట్లెక్కి దిగడం."

"మెట్లు మేమేం కొత్తగా కట్టలేదు కదా! అక్కడే నేను ఇద్దరు కొడుకుల్ని కన్నాను. ఒక్కొక్కడు మూడున్నర కిలోలు."

"అందుకే కాబోలు, అల్లుడికి ఇప్పటికీ బరువులెత్తే పని చెప్తే కోపం."

నేను ఇద్దరి మధ్యలో కూర్చుని నా తీర్పు నేనిచ్చాను. "అసలు తూకమే తప్పయ్యుంటుంది."

ఆ మాట మొదట నవ్వులకే అన్నాను. మూడో రోజు నిజంగానే నమ్మాను. ఎందుకంటే, ఆ పొద్దున్న నర్సమ్మ చీటీ మీద బరువు రాసి చూపించింది. పదిహేను వందల నలభై.

"తగ్గిందా? ఎనభై గ్రాములు తగ్గిందా?" చీటీ లాక్కుని మళ్ళీ చదివాను.

"తగ్గుద్ది పెద్దాయనా. తర్వాత పెరుగుద్ది. కంగారు పడకండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

పాలు తాగే పిల్ల బరువు తగ్గడమేంటి? ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఒక్కటే సమాధానం తోచింది. కాటా దొంగది. షాపుకి వెళ్ళి, వెల్వెట్ గుడ్డ వేసిన పెట్టెలోంచి నా ఇత్తడి రాయి తీశాను. రెండు కిలోలది, సర్కారు ముద్ర ఉన్నది. చంకలో పెట్టుకుని వచ్చి అద్దాల గది గుమ్మంలో నిలబడ్డాను.

"అదేంటి?" అంది నర్సమ్మ.

"రాయి."

"ఎవర్ని కొడదామని?"

"ఎవర్నీ కాదమ్మా. మీ కాటా ఒక్కసారి చూసుకుంటాను. నేను ఆ పనివాణ్ణే. మీ మీద అనుమానం కాదు, కాటా మీద."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తిట్టి పంపేస్తుందనుకున్నాను. తిట్టలేదు. "సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. ఆ రాయికి కూడా స్నానం చేయించండి" అని ఒక స్పిరిట్ సీసా చేతికిచ్చింది.

గుడ్డతో మూడుసార్లు తుడిచి, రాయిని కాటా తొట్టి మధ్యలో పెట్టాను. 2000.

తీసి మళ్ళీ పెట్టాను. 2000. తలవైపు పెట్టాను, కాళ్ళవైపు పెట్టాను, కుడి మూల, ఎడమ మూల. ఎక్కడ పెట్టినా రెండు వేలే. ఒక్క గ్రాము ఇటు లేదు, అటు లేదు. వంగి, కాటా సమంగా నిలబడిందో లేదో చెప్పే మట్టం బుడగ కూడా చూశాను. నట్టనడుమ ఉంది.

"తృప్తయిందా?"

"అయిందమ్మా. బంగారం లాంటి కాటా."

"కాటా మంచిదే, మీ మనవరాలూ మంచిదే. పుట్టిన ప్రతి బిడ్డా మొదటి రోజుల్లో కొంచెం తగ్గుద్ది. ఒంట్లో నీరు ఉంటుంది కదా, అది పోద్ది. అంతే."

"నీరా? నీటి బరువే ఎనభై గ్రాములా?"

"ఎనభై ఏంటి? మీ అమ్మాయి ఒంట్లో ఎంత చేరిందో చూశారా? నిన్నటికే నాలుగు కిలోలు దిగింది. కాళ్ళు మళ్ళీ కాళ్ళలా ఉన్నాయిప్పుడు."

నేను తొట్టిలోంచి రాయి తీసుకున్నాను. పదహారు వందలు. పద్దెనిమిది వందలు. నేను వీధికంతా టీ పోయించిన ఆ బరువు.

"అంటే... కాటా మీద పెరిగింది మా మనవరాలు కాదా?"

నర్సమ్మ కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది. గొంతు కాస్త తగ్గించింది. "బీపీ పెరిగితే అంతే పెద్దాయనా. బిడ్డకి రక్తం తీసుకెళ్ళే దారులు సన్నబడతాయి. గొట్టం పూడుకుపోతే కుళాయిలో ధార ఏముంటుంది? బిడ్డకి అందాల్సింది అందదు, తల్లి ఒంట్లో మాత్రం నీరు నిలుస్తుంది. పైనుంచి చూస్తే తల్లి బరువు పెరుగుతున్నట్టే ఉంటది, లోపల బిడ్డ ఎదుగుదల ఆగిపోద్ది. చెకప్‌లో పట్టీ కట్టి బీపీ చూస్తారు, మూత్రం చూస్తారు, పొట్ట టేపు పెట్టి కొలుస్తారు. మీ అమ్మాయి రెండుసార్లు రాలేదని రాసుంది. ఎందుకు రాలేదు?"

నేను రాయిని మళ్ళీ గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. కాటా బరువు చెప్తుంది. అది దేని బరువో చెప్పదు. ముప్పై రెండేళ్ళలో ఈ ముక్క నాకు తట్టలేదు.

ఆవిడ నన్ను వదిలేసి వరండాలోకి వెళ్ళి, బెంచీ మీద కోర్టుకి కూడా తీర్పు చెప్పేసింది. "ఇద్దరూ వినండమ్మా. బిడ్డ చిన్నగా పుట్టడానికి కారణం ఒక్కటే ఉండదు. నెల నిండకముందే పుట్టొచ్చు. తల్లికి రక్తం తక్కువుండొచ్చు, బీపీ ఉండొచ్చు, ఏదన్నా జబ్బు చేసుండొచ్చు. కవలలు కావచ్చు. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం లేకపోవచ్చు. ఇంట్లో ఎవరన్నా పొగ తాగొచ్చు. ఒక్కోసారి వెతికినా ఏమీ దొరకదు. ఇక్కడ మాత్రం బీపీ. మెట్లూ కాదు, పళ్ళెమూ కాదు. ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాటన్నారో, మిమ్మల్నిద్దర్నీ కూడా అద్దం అవతలకి పంపిస్తా."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగారు. నేనైతే అదే మొదటిసారి చూడటం.

ఆ మధ్యాహ్నం అమ్మడి మంచం పక్కన కూర్చున్నాను. చెప్పేయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు దిండు సర్దాను, కాసేపు గ్లాసు కడిగాను.

"నాన్నా, ఆ గ్లాసు మూడోసారి కడుగుతున్నావు. ఏంటి సంగతి?"

"తల్లీ, నిన్ను చెకప్‌కి వెళ్ళొద్దన్నది నేనే కదా. ఆ గీత చూసి... అది నీరంట. నా కాటా నన్ను వెర్రివాణ్ణి చేసింది. కాదు, నేనే అయ్యాను."

అది దిండు ఆనుకుని లేచి కూర్చుంది. కొడితే బాగుండుననిపించింది.

"గీత గీసింది ఎవరు నాన్నా? లెక్కల టీచర్ని నేను. ఏడు నెలలు మెట్లలా ఎక్కిన గీత ఒక్క వారంలో నిచ్చెనలా నిలబడితే, ఎందుకలా అని పిల్లల్ని అడుగుతాను. నన్ను నేను అడగలేదు. నాక్కూడా క్యూలో నిలబడటం బద్ధకమే."

"అయితే ఇద్దరం ఫెయిలేనా?"

"ఇద్దరం ఫెయిలే. సప్లిమెంటరీ రాద్దాం. ఆ మందుల అట్టపెట్టె ఇటివ్వు, ఎర్ర పెన్సిల్ కూడా. ఈసారి గీత పిల్లది."

ఇప్పుడు మా షాపులో ప్లాట్‌ఫాం కాటా మీదకి కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా ఎక్కబోతే, "బీపీ ఎప్పుడు చూపించుకున్నావు తల్లీ?" అని అడుగుతాను. చెప్పేదాకా అంకెలు వెలగవు. అది తర్వాతి మాట.

మరుసటి రోజు నర్సమ్మ కొత్త పని చెప్పింది. బిడ్డకి వెచ్చదనం కావాలి, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఛాతీ మీద పడుకోబెట్టుకోవాలి. అలా ఉంటే ఒంటి వేడి నిలబడి, తాగిన పాలు ఒంటికి పడతాయట. అమ్మడు నీరసంగా ఉంది, రోజంతా కూర్చోలేదు. తండ్రికి దగ్గు. "ఇంట్లో ఇంకెవరి ఛాతీ ఖాళీగా ఉంది?" అని అడిగింది.

వియ్యపురాలు చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

"మీరు పొగ తాగుతారా?"

"లేదమ్మా. నోరొక్కటే అలవాటు."

"ఆ నోరు మూసుకునే కూర్చోవాలి. గంటన్నర. కదలకూడదు, కబుర్లు చెప్పకూడదు."

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి వెళ్ళి నవ్వుకుంది. ఈయన గంటన్నర మాట్లాడకుండా ఉంటే ఆసుపత్రి బోర్డు తీసి గుడి అని పెట్టాలి అందట వియ్యపురాలితో.

చొక్కా విప్పి, శుభ్రంగా కడుక్కుని, వాలు కుర్చీలో కూర్చున్నాను. నర్సమ్మ బిడ్డని తెచ్చి నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, చుట్టూ గుడ్డ కట్టింది. నెత్తిన చిన్న టోపీ, ఒంటి మీద అంతకంటే చిన్న లంగోటీ. అరచేయంత వీపు.

అరచేతిలో ఏది పెట్టినా బరువు చెప్పేవాణ్ణి కదా. ఆ వీపు మీద చెయ్యి వేసి ఎంతుంటుందో అంచనా వేద్దామనుకున్నాను. తెలియలేదు. ఎంత ప్రయత్నించినా అంకె రాలేదు. నా గుండె మీద ఒక వెచ్చటి ఊపిరి, అంతే తెలిసింది. మాట్లాడకూడదన్న సంగతి నాకు ఎవరూ గుర్తుచేయాల్సిన పని పడలేదు.

పావుగంట తర్వాత ఏడ్చింది చూడండీ! వరండా చివర ఉన్న వాచ్‌మన్ తొంగిచూశాడు.

"పిట్ట కొంచెం, కూత ఘనం. గొంతు మటుకు తాతదే" అంది నర్సమ్మ.

అలా రోజులు పంచుకున్నాం. పొద్దున్న వియ్యపురాలు, మధ్యాహ్నం అమ్మడు, సాయంత్రం నేను. ఆరో రోజు గీత పైకి లేచింది. పన్నెండు గ్రాములు. "పొద్దున్న నా దగ్గరే పడుకుంది అన్నయ్యగారూ, ఆ పన్నెండూ నావే" అంది వియ్యపురాలు. మర్నాడు పద్దెనిమిది. "నిన్న నేను గంట ఎక్కువ కూర్చున్నాను చెల్లెమ్మగారూ" అన్నాను. "పాలిచ్చేదాన్ని నేనిక్కడ ఉండగా మీ ఇద్దరి తగువేంటి?" అంది అమ్మడు, మందుల అట్ట మీద చుక్క పెడుతూ. అల్లుడు దగ్గు తగ్గి లోపలికి రాగానే నా సాయంత్రం లాగేసుకున్నాడు. కాదనలేం కదా, తండ్రి. నాకు ముప్పావుగంట మిగిల్చాడు.

పదిహేడో రోజుకి పదిహేడు వందల తొంభై ఒకటి. రాత్రి అన్నం తింటుంటే అన్నం మెతుకులు కూడా గ్రాముల్లాగే కనిపించాయి.

పద్దెనిమిదో రోజు పొద్దున్న అందరం కాటా చుట్టూ చేరాం. పాలు బాగా తాగుతోంది, మూడు రోజులుగా పెరుగుతోంది. మిగిలింది తూకమే.

"పెద్దాయనా, మీరు పనివాళ్ళు కదా. ఇవాళ మీరే పెట్టండి" అంది నర్సమ్మ.

ముందు గుడ్డ వేసి, కాటా సున్నా చేసి, తర్వాత బిడ్డని మెల్లగా తొట్టిలో పడుకోబెట్టి, పక్కకి వంగి నిలబడ్డాను. అంకెలు తిరిగాయి. 1890!

"తొంభై తొమ్మిది గ్రాములా! ఒక్క రోజులో!" వియ్యపురాలు చప్పట్లు కొట్టింది. అల్లుడు అప్పుడే ఫోన్ తీసి ఆటో అతనికి చెప్పేస్తున్నాడు. నేను "చూశారా" అని నోరు తెరిచాను.

నర్సమ్మ మాత్రం అంకెల వైపు చూడలేదు. తొట్టి అంచు వైపు చూసింది. కూరగాయలావిడని నేను చూసే చూపు అది.

"పెద్దాయనా. వేలు."

చూసుకున్నాను. నా కుడి చెయ్యి చూపుడువేలు తొట్టిలో ఉంది.

ముప్పై రెండేళ్ళు! వీధిలో ఎంతమంది వేళ్ళు తీయించానో. అందరి ముందూ, అదీ కాటా బాగుచేసేవాణ్ణి, దొంగతూకంతో దొరికిపోయాను. మా ఆవిడ అప్పటికే గోడకి ఆనుకుని నవ్వుతోంది.

"తియ్యండి మరి!"

"నేను పెట్టలేదమ్మా. ఆవిడే పట్టుకుంది. వదలడం లేదు."

అందరూ వంగి చూశారు. నిజమే. పడుకోబెడుతున్నప్పుడు అందిందేమో, అగ్గిపుల్లల్లాంటి ఐదు వేళ్ళు నా వేలిని చుట్టేసి ఉన్నాయి. కొంచెం లాగాను. ఇంకా బిగించింది.

"నాన్నా, లాగకు" అంది అమ్మడు. "ఆగు, నేను విడిపిస్తా."

ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పింది. నాలుగు విప్పేసరికి మొదటిది మళ్ళీ మూసుకుంది. నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని, "బలం బాగానే ఉంది. రాసుకోవాల్సిందే" అంది. చివరికి నా వేలు బయటపడింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక అడుగు దూరం జరిగి, ఊపిరి కూడా బిగపట్టాను. ఊపిరి తగిలి కాటా కదులుతుందేమోనని.

అంకెలు కిందకి దిగాయి. 1850. 1820. 1809. అక్కడ ఒక్క క్షణం ఊగి, ఆగాయి.

1807.

"మంచి తూకం" అంది నర్సమ్మ, చీటీ మీద రాసుకుంటూ. "ఇంటికి తీసుకెళ్ళండి. వారానికోసారి ఇక్కడికే తేవాలి. ఇంట్లో తూచి సరిపెట్టడం కాదు."

"తెస్తామమ్మా. క్యూలో మొదట నేనే నిలబడతా."

అమ్మడు అట్ట మీద ఆఖరి చుక్క పెట్టింది. గీత మెట్లెక్కినట్టు, తొందరేమీ లేకుండా పైకి వెళ్తోంది. బిడ్డని గుడ్డలో చుట్టి దాని చేతికిచ్చాను. ఇచ్చి వెనక్కి జరగబోతే జరగలేకపోయాను. వేలు మళ్ళీ దొరికిపోయింది.

ఈసారి కాటా లేదు కదా. ఆటో దాకా అలాగే పక్కనే వంగి నడిచాను.